తోపుడు బండికీ ఒక చిరునామా కావాలి

హుజూర్‌నగర్ పేరు పత్రికల మొదటి పేజీకి ఎక్కిన సందర్భాలు ఈ మధ్యకాలంలో కొన్ని వున్నాయి. 2019 అక్టోబరులో ఇక్కడ శాసనసభ ఉప ఎన్నిక జరిగింది. ఫలితం వెలువడిన కొద్ది రోజులకే అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు కృతజ్ఞత సభలో పట్టణానికి 25 కోట్ల రూపాయలు, నియోజకవర్గంలోని ఒక్కొక్క గ్రామ పంచాయతీకి 20 లక్షల రూపాయలు ప్రకటించారు. 2025 ఉగాది నాడు, అంటే మార్చి 30న, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రేషన్ కార్డులవారికి సన్న బియ్యం ఇచ్చే పథకాన్ని ఈ పట్టణంలోనే ప్రారంభించారు. సభలు జరిగాయి. జనం వచ్చారు. ఆ జనానికి చాయ్, అరటిపండ్లు, మిర్చి బజ్జీలు అమ్మినవారి వార్త మాత్రం ఏ పేజీలోనూ రాదు.

ఈ వారం మేము వారి గురించే రాస్తున్నాము. పండ్ల బండి నడిపేవారు, బస్టాండు దగ్గర గాజులు, చెప్పులు పరుచుకుని కూర్చునేవారు, డబ్బాలో పాన్ దుకాణం పెట్టుకున్నవారు, పల్లె నుంచి కూరగాయల గంప దింపుకుని రోడ్డు పక్కన కూర్చునే తల్లులు - వీరికి పురపాలక సంఘంతో వున్న సంబంధం ఏమిటి? చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "వచ్చి తీసేయమంటారు, తీసేస్తాం. వాళ్లు పోయాక మళ్లీ పెట్టుకుంటాం." బండి వున్న ప్రతి ఇంటిలోనూ ఈ మాట వినిపిస్తుంది. సంబంధం అంతకు మించినదని చట్టం చెబుతున్నది. ఆ చట్టం వచ్చి పుష్కర కాలం కావస్తున్నా మన ఇళ్లలో దాని పేరు విన్నవారు తక్కువే.

పల్లె పండితేనే పట్నం నవ్వుతుంది

హుజూర్‌నగర్ బజారు సంగతి తెలియాలంటే ముందు కాలువ సంగతి తెలియాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాది పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్ట భూములను వరి మాగాణులుగా మార్చింది. మిర్యాలగూడలో బియ్యం మిల్లులు వెలిశాయి. మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాతి నేల మీద సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. రైతు చేతిలో, కూలి చేతిలో నాలుగు రూపాయలు ఆడితే ఆ సాయంత్రం బజారులో బండి దగ్గర జనం ఆగుతారు. దర్జీ దగ్గర బట్టలు పడతాయి. మాంసం దుకాణం ముందు వరస కనిపిస్తుంది.

కాలువకు దెబ్బ తగిలితే అదే దెబ్బ బండికీ తగులుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వానకు కోదాడ పట్టణం జలమయమైంది. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. పొలాలు ఇసుక మేటలు వేశాయి. పంట నష్టపోయిన రైతు పేరు రాసుకోవడానికి ఒక అధికారి వస్తాడు, ఒక జాబితా తయారవుతుంది. సాయం ఆలస్యం కావచ్చు, తక్కువ కావచ్చు, కానీ జాబితా అంటూ వుంటుంది. అదే వానకు నాలుగు రోజులు బండి కట్టలేకపోయినవారి పేరు ఏ జాబితాలో వుంది? పేరు లేని మనిషికి నష్టం జరిగినా జరిగినట్టు లెక్క కాదు. మేము చెప్పదలచిన విషయమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే వుంది.

పొద్దున తొమ్మిది వేలు, వందో రోజుకు పది వేలు

చిరు వ్యాపారికి పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాంకు ఇవ్వదు. కాగితం లేదంటుంది. అందుకని రోజువారీ ఫైనాన్స్ వాడుకుంటారు. లెక్క అందరికీ తెలిసినదే. పది వేలు అని రాసుకుని తొమ్మిది వేలు చేతికి ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది.

ఒక్కసారి కూర్చుని లెక్క వేద్దాము. తీసుకున్న తొమ్మిది వేలూ వంద రోజులు మన దగ్గర వుండవు. మరునాటి నుంచే తిరిగి కట్టడం మొదలవుతుంది. కనుక ఆ వంద రోజుల్లో సగటున మన చేతిలో తిరిగిన సొమ్ము నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకు వంద రోజుల వడ్డీ వెయ్యి రూపాయలు! నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైమాటే. ఏడాదికి చూస్తే ఎనభై శాతం. అప్పు తీరగానే మరో అప్పు తీసుకోవలసి రావడానికి కారణం ఇదే. రోజంతా ఎండలో నిలబడినవారి లాభంలో మొదటి వాటా ఇంటికి కాక వసూలుదారు సంచిలోకి పోతున్నది.

న్యాయస్థానం అన్నమాట, పార్లమెంటు చేసిన చట్టం

రోడ్డు పక్కన వ్యాపారం తప్పు పని అని, పోలీసు చూడకుండా చేసుకునే పని అని మనలో చాలామంది అనుకుంటారు. సుప్రీంకోర్టు అలా అనలేదు. 1989లో సోదన్‌సింగ్ కేసులో తీర్పు ఇస్తూ, వీధి వ్యాపారం కూడా రాజ్యాంగం 19వ అధికరణ కింద పౌరుడికి వున్న వృత్తి స్వేచ్ఛలో భాగమేనని న్యాయస్థానం స్పష్టం చేసింది. రాకపోకలకు అడ్డు లేకుండా ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చునని కూడా చెప్పింది. 2010లో గెందారామ్ కేసులో ఈ హక్కును కాపాడే చట్టం తేవాలని ఆదేశించింది. వీధి వ్యాపారుల సంఘాలు ఏళ్ల తరబడి చేసిన ఆందోళన దీనికి తోడైంది. చివరకు 2013 సెప్టెంబరులో లోక్‌సభ, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ ఆమోదించగా వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం 2014 మే 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో ప్రతి బండి ఇంటికీ తెలియవలసిన సంగతులు కొన్ని వున్నాయి.

మొదటిది సర్వే. పట్టణంలోని వీధి వ్యాపారులందరినీ అయిదేళ్లకు ఒకసారైనా లెక్కించాలి. లెక్కలో తేలినవారికి విక్రయ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు.

రెండవది నోటీసు. ధ్రువపత్రం వున్న వ్యాపారిని వేరే చోటికి మార్చాలన్నా, తొలగించాలన్నా ముప్పయి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

మూడవది సరుకు. అధికారులు సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి దాని ప్రతి ఇవ్వాలి. జరిమానా కట్టి అడిగినప్పుడు పండ్లు, కూరగాయల వంటి చెడిపోయే సరుకును ఆ రోజే, మిగతా సరుకును రెండు పని దినాల లోపల తిరిగి ఇవ్వాలి. మధ్యాహ్నం పట్టుకుపోయిన అరటి గెలలు మూడో నాటికి ఇస్తే వాటిని ఏం చేసుకుంటారు? చట్టం రాసినవారు ఇది ఆలోచించారు.

నాలుగవది వారసత్వం. ధ్రువపత్రం వున్న వ్యాపారి మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం పొందినా, దాని గడువు ముగిసేదాకా భార్య లేదా భర్త లేదా ఆధారపడిన సంతానం అదే చోట వ్యాపారం చేసుకోవచ్చు. ఇంటి పెద్ద పోయిన మరునాడే బండి చోటు కూడా పోయి, ఆ ఇల్లాలు నాలుగిళ్లలో పనికి కుదరవలసి రావడం మన బస్తీలకు కొత్త కాదు. ఆ కష్టానికి ఇక్కడ ఒక అడ్డుకట్ట వున్నది. అయితే కాగితం వున్నవారికే.

బాధ్యతలు కూడా వున్నాయని మరువరాదు. కేటాయించిన చోటును ఇంకొకరికి అద్దెకు ఇవ్వరాదు. శుభ్రంగా వుంచాలి. అమ్మకం నిషేధించిన చోట నిలబడరాదు. రోడ్డు మీద నడిచేవారికీ హక్కు వున్నదని, ఇతరుల దారికి అడ్డం కాకుండా బతుకుదెరువు చూసుకోవడమే మర్యాద అని మనకు వేరే చెప్పనక్కరలేదు.

కమిటీలో మనకూ చోటు

ఎక్కడ అమ్మాలి, ఎక్కడ అమ్మకూడదు అని నిర్ణయించడంలో టౌన్ వెండింగ్ కమిటీ మాట ముఖ్యం. మునిసిపల్ కమిషనర్ దీనికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం నూటికి నలభైమంది వీధి వ్యాపారులే వుండాలి. వారిని వ్యాపారులే ఎన్నుకోవాలి. వారిలో మూడోవంతు స్త్రీలు వుండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులతో పాటు మైనారిటీలకు కూడా తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టం పేరు పెట్టి చెబుతున్నది.

ఈ మాటను మేము ప్రత్యేకంగా ఎత్తి చూపుతున్నాము. ఎన్నికల్లో కౌన్సిలర్ టికెట్టు కోసం మన యువకులు తిరిగినన్ని తిరుగుళ్లలో పదోవంతు ఈ కమిటీ కోసం తిరిగారా? పంక్చర్ దుకాణం, పండ్ల బండి, పాత ఇనుము, కోళ్ల అంగడి, దూదేకుల సోదరుల పరుపుల పని - మన బతుకులు ఎక్కువగా రోడ్డు అంచునే వున్నాయి. ఆ రోడ్డు అంచు గురించి నిర్ణయం జరిగే బల్ల దగ్గర మన కుర్చీ ఖాళీగా వుంటే తప్పు ఎవరిది?

పాలకవర్గం లేదు, తరువాత రమ్మంటున్నారు అనే మాట కూడా వినిపిస్తూ వచ్చింది. 2020 జనవరిలో ఎన్నికైన పురపాలక సంఘాల గడువు 2025 జనవరిలో ముగిసి, అవి ప్రత్యేక అధికారుల చేతుల్లోకి వెళ్లిన మాట వాస్తవమే. కానీ ఈ కమిటీ అధ్యక్షుడు చైర్మన్ కాదు, కమిషనర్. కౌన్సిల్ వున్నా లేకపోయినా కమిషనర్ కార్యాలయం తలుపు తెరిచే వుంటుంది. సర్వే ఎప్పుడు చేశారు, జాబితాలో ఎంతమంది వున్నారు, కమిటీ ఎప్పుడు సమావేశమైంది అని సమాచార హక్కు చట్టం కింద రాసి అడిగితే ముప్పయి రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అప్పు కోసం కాదు, చోటు కోసం

వీధి వ్యాపారులకు కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో స్వనిధి పథకం తెచ్చింది. కరోనా కాలంలో బండ్లన్నీ ఆగిపోయినప్పుడు మొదలైన పథకం ఇది. పూచీకత్తు లేకుండా మొదట 10 వేలు, అది తీర్చినవారికి 20 వేలు, తరువాత 50 వేలు ఇచ్చారు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దీనిని 2030 మార్చి 31 వరకు పొడిగించి, మొదటి విడతను 15 వేలకు, రెండవ విడతను 25 వేలకు పెంచింది. వాయిదాలు సకాలంలో కట్టినవారికి ఏడాదికి ఏడు శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. సర్వేలో పేరు లేనివారు పురపాలక సంఘం నుంచి సిఫారసు లేఖ తెచ్చుకుని దరఖాస్తు చేయవచ్చు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్టణంలో అమ్ముకునేవారికీ ఈ లేఖ ఇవ్వవచ్చు. గరిడేపల్లి నుంచో మఠంపల్లి నుంచో గంప నెత్తిన పెట్టుకుని వచ్చే తల్లి "మాది పల్లెటూరు, మాకెందుకు ఇస్తారు" అని వెనుతిరగనక్కరలేదు.

వడ్డీ విషయంలో మన ఇళ్లలో వున్న సంకోచం మాకు తెలియనిది కాదు. దాని మీద తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. అది ఉలమాను అడిగి తెలుసుకోవలసినది. కానీ బ్యాంకు వడ్డీకి భయపడి దూరం జరిగిన మనిషి, ఏడాదికి ఎనభై శాతం గుంజే వసూలుదారుకు ప్రతి సాయంత్రం వంద రూపాయలు లెక్కపెట్టి ఇస్తున్నాడంటే అది తప్పించుకున్నట్టా, ఇంకా లోతులో పడినట్టా? వడ్డీ లేని మార్గం కావాలనుకునేవారికి మహల్లా స్థాయిలో ఖర్జె హసనా నిధి పెట్టుకునే దారి వున్నది. వందమంది నెలకు వంద రూపాయలు వేస్తే నెలకు పది వేలు. ఒక బండివారికి వంద రోజుల పెట్టుబడి దొరికినట్టే. అయితే అక్కడా లెక్క పుస్తకం వుండాలి, సాక్షులు వుండాలి. ఖుర్‌ఆన్‌లోని అన్నిటికంటే పెద్ద ఆయత్ అప్పు లావాదేవీని రాసిపెట్టుకోమని చెప్పేదేనని మన పెద్దలు గుర్తు చేస్తూనే వుంటారు.

అప్పు తీసుకున్నా తీసుకోకపోయినా, సర్వేలో పేరు, చేతిలో కార్డు మాత్రం ప్రతివారికీ వుండాలి. స్వనిధి అనగానే అందరూ అప్పు గురించే మాట్లాడతారు. అప్పు అవసరం లేనివారు, అప్పు వద్దనుకునేవారు కార్డు కూడా వద్దనుకుంటారు. ఇక్కడే నష్టం జరుగుతున్నది. రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, బస్టాండు ముందు బాగు చేసేటప్పుడు, కొత్త మార్కెట్టులో గద్దెలు పంచేటప్పుడు అధికారి చూసేది ఆ జాబితానే. పన్నెండేళ్లుగా ఇక్కడే అమ్ముతున్నామని నోటితో చెబితే చాలదు.

అందుకే తైబజారు రసీదులను కూడా పారవేయవద్దు. డబ్బు ఇచ్చినప్పుడు రసీదు అడగండి. తేదీ వున్నదో లేదో చూడండి. ఫలానా చోట ఇన్నేళ్లుగా అమ్ముతున్నామని చెప్పడానికి ఆ చిన్న కాగితాలే ఆధారం కావచ్చు.

పల్లెల్లో వున్నవారి మాట

పల్లెల్లోనూ చేతిపనివారు, చిన్న దుకాణదారులు వున్నారు. తెలంగాణలో గ్రామ పంచాయతీల గడువు 2024 జనవరి చివరితో ముగిసింది. దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు కేంద్ర ఆర్థిక సంఘం నిధులకు గండి పడుతుంది. వీధి దీపానికీ, మురుగు కాలువకూ డబ్బు కరువవుతుంది. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి సర్పంచులు వచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. అక్కడికి మనవారు వెళ్తున్నారా?

వెళ్లవలసిన అవసరం ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాము. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది చేతివృత్తులు వున్నాయి. దర్జీ పని, తాపీ పని, కమ్మరం, వడ్రంగం, తాళాల మరమ్మతు, చెప్పులు కుట్టడం, బుట్టలు అల్లడం, క్షౌరవృత్తి వాటిలో కొన్ని. ఎంపికైనవారికి శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రుణం దొరుకుతాయి. ఇంటికి ఒక్కరే అర్హులు. దరఖాస్తును మొదట పరిశీలించేది ఎవరు? పల్లెలో గ్రామ పంచాయతీ, పట్టణంలో పురపాలక సంఘం. అక్కడ దాటితేనే జిల్లాకు వెళ్తుంది. ఇంట్లో కుట్టుమిషను తొక్కే మన ఆడపడుచుల పని నిజమైనదని మొదటి సంతకం పడవలసింది ఊళ్లోనే. సర్పంచికి మన ఇంటి పనే తెలియకపోతే ఆ సంతకం ఎలా పడుతుంది?

పట్టణాల్లో మెప్మా, పల్లెల్లో సెర్ప్ నడిపే స్వయం సహాయక సంఘాల సంగతీ అంతే. సంఘంలో చేరిన స్త్రీకి పొదుపు పుస్తకం వుంటుంది, సమావేశం వుంటుంది, బ్యాంకులో పేరు వుంటుంది. చేరని స్త్రీ ఎంత కష్టపడినా ఆమె కష్టం ఇంటి గోడ దాటి ఎవరికీ తెలియదు.

మహల్లా చేయగలిగిన పని

పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సు ఏటా జనవరిలో జరుగుతుంది. కులం, మతం చూడకుండా జనం వస్తారు. మట్టపల్లి నరసింహస్వామి కల్యాణానికీ అలాగే వస్తారు. ఈ రెండు చోట్లా అంగళ్లు పెట్టేవారిలో రెండు మతాలవారూ వుంటారు. గాజుల మలారం దింపిన చోట పక్కనే బొమ్మల దుకాణం వెలుస్తుంది. ఒకరి చిల్లర ఇంకొకరు మార్చి ఇస్తారు. చిరు వ్యాపారుల సంఘం పెట్టుకునేటప్పుడు కూడా ఈ పద్ధతే మంచిది. మనవారి కోసం వేరే సంఘం అనుకోకుండా, బజారులో పక్కపక్కన నిలబడేవారంతా కలిసి వెళ్తే కమిషనర్ కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి మహల్లాలో చదువుకున్న పిల్లలు వున్నారు. జుమా నమాజు తరువాత గంటసేపు కూర్చుని తమ వీధిలో బండి, డబ్బా, గంప, కుట్టుమిషను మీద బతికేవారి పేర్లు ఒక నోటు పుస్తకంలో రాస్తే చాలు. ఎవరికి కార్డు వున్నది, ఎవరికి లేదు, ఎవరి ఆధార్‌లో పేరు తప్పు పడింది, ఎవరి బ్యాంకు ఖాతా ఆగిపోయింది అన్నది రాయాలి. నాలుగు వారాల్లో మహల్లా జాబితా తయారవుతుంది. దానిని పురపాలక కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. ముద్ర పడిన ఆ ప్రతిని మస్జిద్ కమిటీ దగ్గర ఒకటి, వ్యాపారుల దగ్గర ఒకటి భద్రపరచాలి. దరఖాస్తు నింపినందుకు డబ్బు అడిగే దళారీని దగ్గరకు రానివ్వకూడదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనూ ఇదే బజారు, ఇవే బండ్లు, ఇదే చట్టం. ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూసినంత కాలం వసూలుదారు మాత్రం రోజూ తప్పకుండా వస్తూనే వుంటాడు. హలాల్ సంపాదన కోసం తెల్లవారుజామునే లేచి మార్కెట్టుకు పోయే మనిషి, ఒక్క పూట పని మానుకుని మునిసిపల్ కార్యాలయానికి పోవాలి. ఆ పూట పోయిన కూలి కంటే, కాగితం లేక పోగొట్టుకునే చోటు ఖరీదు ఎక్కువ.